దసరాకు రాని దసరాలు



భాద్రపద బహుళం నడుస్తున్నది. కరీంనగరు దాటి నాలుగడుగులు వేస్తే చాలు, చేలగట్ల మీద గునుగు తెల్లబడుతున్నది, తంగేడు మొగ్గ తొడిగింది. కొన్నాళ్లలో పెత్రమాస, ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మ. శరత్తు వస్తున్నదని మాకు చెప్పేవి ఇవే. పట్నంలో ఉన్న మా మనుమనికి మాత్రం అది మరొక రూపంలో వస్తుంది. మొన్న ఆదివారం ఫోను చేసి, "తాతా, దసరాకు ఏమేం సినిమాలు వస్తున్నయో చదువుతా, మనం ఏది చూద్దమో నువ్వే చెప్పు" అని పత్రికలో పడిన జాబితా అంతా వినిపించాడు. ఏ చిత్రం ఏ తేదీన, అందులో కథానాయకుడెవరు, ఏ ధారావాహిక ఏ ఓటీటీలో, పండుగనాడు ఏ టీవీ చానలు ఏ కొత్త సినిమాను తొలిసారి వేస్తుంది, అన్నీ ఉన్నాయి. ఆ పేర్లను ఇక్కడ ఎత్తిరాసి మీ కాలం హరించను. అవి నాకంటె ముందే మీకు చేరి ఉంటాయి. వాటిలో ఒకటి రెండు నేనూ చూస్తాను. నా బాధ జాబితాలో ఉన్నవాటితో కాదు.

వాడు ముగించాక, "మన దిక్కు కథ ఒక్కటి లేదారా అందుల?" అని అడిగాను. వాడు కాసేపు వెదికి, "ఇప్పుడు లేదు గని, దసరా అని పేరుతోనే ఒక సినిమా వచ్చింది గద తాతా" అన్నాడు.

వచ్చింది, నిజమే. గోదావరిఖని బొగ్గుగనుల నేపథ్యంతో, మన మాటతో, నాని కథానాయకుడుగా శ్రీకాంత్ ఓదెల తీసిన 'దసరా'. ఎప్పుడు వచ్చింది? 2023 మార్చి 30న, శ్రీరామనవమికి. అంతకు అర్ధశతాబ్ది ముందు అక్కినేనివారి 'దసరాబుల్లోడు' వచ్చింది. అది 1971 జనవరి 13న, సంక్రాంతికి. ఔరా అనిపించింది. పేరులో దసరా ఉన్న సినిమాలు నవమికి, సంక్రాంతికి వస్తాయి గాని దసరాకు రావు!

ఇది వట్టి హాస్యమైతే ఇంత రాయను. ఆ రాత్రి నిద్రపట్టక పాత డైరీ వెనుక పుటలో ఒక పట్టిక వేసుకున్నాను. మన నేల కథలు, మన మాటలు తెరకెక్కిన చిత్రాలు ఏ నెలలో విడుదలయ్యాయి అని. గౌతం ఘోష్ దర్శకత్వం వహించిన 'మాభూమి' 1980 మార్చి 23. జోగిపేట కుర్రవాళ్ల 'జాతిరత్నాలు' 2021 మార్చి 11. కొమురం భీము పేరు దేశదేశాలకు మోసిన 'ఆర్ ఆర్ ఆర్' 2022 మార్చి 25. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన 'బలగం' 2023 మార్చి 3. 'దసరా' సంగతి చెప్పాను గదా, అదీ మార్చే. 'ఫిదా', 'మల్లేశం', 'విరాటపర్వం' వంటివి వానకాలం మొదట్లో వచ్చాయి కనుక మార్చి తప్ప మరొక నెల లేదని అనను. అయినా ముప్పయ్యేండ్లకు పైగా బడిలో గడిపినవానికి మార్చి అంటే ఏమిటో వేరే చెప్పాలా? పరీక్షల నెల. ఇల్లిల్లూ తలుపు దగ్గరగా వేసుకొని, టీవీ మీద గుడ్డ కప్పే నెల. మన కథలు వాకిట్లోకి వచ్చేసరికి మన పిల్లలు పుస్తకం ముందర తల వంచుకొని కూర్చుంటారు.

ఎందుకిట్లా అని తెలుసుకోవాలని, థియేటరు వ్యాపారంలో చాలాకాలం గడిపిన ఒక మిత్రుని అడిగాను. ఆయన చెప్పినది రెండు ముక్కలు. ఒకటి, తెలుగు సినిమాకు పెద్దపండుగ సంక్రాంతి. పంట ఇంటికి వచ్చి చేతిలో పైస ఆడేది అప్పుడే. రెండు, చిన్న సినిమా దసరాకు వస్తే పెద్ద సినిమాల కాళ్లకింద నలిగిపోతుంది, థియేటర్లే దొరకవు.

మొదటిమాట నేను ఒప్పుకోను. సంక్రాంతి కోస్తాకు పెద్దపండుగ. మనకు పెద్దపండుగ దసరా, ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చేది బతుకమ్మకు. 2025లో మన బడులకు దసరా సెలవులు సెప్టెంబరు 21 నుండి అక్టోబరు 3 దాకా, పదమూడు దినాలు. సంక్రాంతికి ఇచ్చేవి అంతకంటె చాలా తక్కువ. పంట మాటకు వస్తే, ఆశ్వయుజంలో వరి కోతకు రాదు, పత్తి అప్పుడప్పుడే ఏరుతుంటారు, రైతు చేతిలో పైస తక్కువే, ఒప్పుకుంటాను. కాని ఉత్తర తెలంగాణలో రైతు ఒక్కడే లేడు. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి, బెల్లంపల్లి వెంట సింగరేణి ఉన్నది. ఏటా లాభాలలో కార్మికుల వాటా పండుగ లోపలే చేతికి అందుతుంది. 2025లో అది లాభంలో 34 శాతమని, మొత్తం 819 కోట్ల రూపాయలని ప్రకటించారు. ఆ నాలుగు దినాలు గోదావరిఖని బజారులో నిలబడి చూసినవారెవరూ దసరాకు ఇక్కడ డబ్బు ఆడదని అనరు. కొత్తబట్టలు, మాంసం, మందు, ఆపైన సినిమా. అదంతా ఎవరి కథకో పోతున్నది.

డబ్బు మాట ఎత్తాను కనుక మరొకటి కూడా. సినిమా వ్యాపార పరిభాషలో నేటికీ తెలంగాణ పేరు 'నైజాం'. రాయలసీమ పేరు 'సీడెడ్'. 1800లో నిజాము ఆంగ్లేయులకు దత్తం చేసిన జిల్లాలు కనుక వారికా పేరు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసింది. పంపిణీదారుల చిట్టాలలో మాత్రం ముగియలేదు. జల్, జంగల్, జమీన్ అంటూ నిజాము సర్కారుమీద తిరగబడి 1940లో జోడేఘాట్ గుట్టలలో నేలకొరిగిన భీము పేరున సినిమా తీసి, దాని వసూళ్లలో 'నైజాం షేరు' ఇంత అని పత్రికలలో వేసుకున్నారు. ఆ వార్త చదివిననాడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ 'ఆర్ ఆర్ ఆర్' ఒక దశలో దసరాకే రావలసినది. 2021 అక్టోబరు 13 అని తేదీ ప్రకటించారు. భీము వర్ధంతిని ఆదిలాబాదు గిరిజనులు ఆశ్వయుజ పౌర్ణమినాడు జరుపుకుంటారు. ఆ ఏడు పౌర్ణమి సరిగ్గా వారం తరువాత పడింది. జోడేఘాట్‌లో జనం పోగయ్యే వేళకు ఊరూరా తెరమీద భీము ఉండేవాడు. కరోనా కారణంగా తేదీ జనవరికి, తరువాత మార్చికి జరిగింది. ఎవరినీ అనవలసిన పని లేదు. పైగా ఆ చిత్రంలోని భీము చరిత్రలోని భీము కాడని, కల్పితమని దర్శకులు ముందే చెప్పారు. నిజాముతో పోరు ఆంగ్లేయులతో పోరుగా మారిపోయింది. ఆదిలాబాదులో అభ్యంతరాలు వచ్చాయి గాని, నా మట్టుకు ఆ చిత్రంలో భీము కొరడాదెబ్బలు తినేటప్పటి పాట ఒక్కటి చాలు. దాన్ని రాసిన సుద్దాల అశోక్ తేజగారు ఒకప్పుడు మెట్‌పల్లిలో నావలెనే బడిపంతులు. అదే భీము మీద అల్లాణి శ్రీధర్‌గారు 1990 ప్రాంతంలోనే సినిమా తీశారు. అది థియేటర్ల ముఖం చూసేసరికి 2010. ఇరువదేండ్లు! పురాణాలలో అరణ్యవాసం పదునాలుగేండ్లే.

మిత్రుని రెండవమాటకు మాత్రం నా దగ్గర సూటి సమాధానం లేదు. 'బలగం' దసరాకు వచ్చి ఉంటే ఏమయ్యేది? గడచిన దసరాలు చూడండి. 2023లో 'భగవంత్ కేసరి', 'టైగర్ నాగేశ్వరరావు', అరవం నుండి 'లియో'. 2024లో అంతకు రెండు వారాల ముందే 'దేవర', పండుగకు 'వేట్టయన్', 'విశ్వం', మరి రెండు చిన్న చిత్రాలు. 2025లో 'ఓజీ'. వీటి నడుమ, పెద్ద తారలు లేని, ముసలాయన చచ్చిపోవడంతో మొదలయ్యే సినిమాకు కరీంనగరులో ఎన్ని ఆటలు దొరికేవి? మార్చిలో ఖాళీ ఉన్నది కనుకనే అది నిలిచింది. ఒకరు చూసి మరొకరికి చెప్పే వ్యవధి దొరికింది. ఓటీటీలోకి వచ్చాక కూడా ఊళ్లలో గ్రామపంచాయతి ముందర తెర కట్టి, ఆడామగా చాపలు వేసుకొని చూశారు. నిర్మల్ జిల్లాలో భూమి తగాదాతో మాటలు మానుకున్న అన్నదమ్ములు ఆ సినిమా చూసి కలిసిపోయారని ఆనాడు పత్రికలలో చదివాను. అది పరీక్షల నెల సినిమాయే మరి.

అయినా మనసు ఒప్పుకోదు. 'బలగం' కథ దేనిమీద నడుస్తుంది? పిండం మీద, దాన్ని ముట్టని కాకి మీద. చచ్చినవారిని తలచుకొని బియ్యమిచ్చి, కాకికి ముద్ద పెట్టే పెత్రమాస మనకు సరిగ్గా బతుకమ్మ ముంగిట ఉన్నది. ఆ వారంలో ఆ సినిమా చూడడం వేరు, మార్చిలో చూడడం వేరు. పితృపక్షంలో కొత్త సినిమా విడుదల చేయరాదని వ్యాపారులకు ఒక నమ్మకం. పెద్దల దినాలలో పెద్దల కథ చెప్పడం అశుభమెట్లా అవుతుందో ఏ ధర్మశాస్త్రంలోనూ నాకు కనబడలేదు.

ఇక అసలు సంగతి. దీన్ని దాటవేసి పోదామని రెండుసార్లు అనుకున్నాను గాని, రాయకుంటే ఈ టపాకు అర్థం ఉండదు.

నేను ప్రాచ్యకళాశాలలో చదివి, తెలుగు పండిత శిక్షణ పొంది, ఎనభైలలో ఉద్యోగంలో చేరినవాణ్ణి. గ్రామ్యం దోషమని చదువుకున్నాను, దోషమనే బోధించాను. దసరా సెలవులు ముగిసి బడి తెరిచిన మొదటివారం ఏటా ఒకే వ్యాసం ఇచ్చేవాణ్ణి: "దసరా సెలవులను నీవెట్లు గడిపితివి?" గైడు పుస్తకాలలో దానికి సిద్ధంగా ఒక జవాబు ఉండేది. అందులో బొమ్మలకొలువు ఉండేది, పేరంటం ఉండేది. తరగతిలోని నలుబది మందిలో ఏ ఒక్కరింట్లోనూ బొమ్మలకొలువు పెట్టరు. అయినా ముప్పయ్యైదు మంది "మా యింట బొమ్మలకొలువు పెట్టితిమి" అని రాసేవారు. నేను పదికి ఎనిమిది వేసేవాణ్ణి. ఒక ఏడు ఒక ఆడపిల్ల తన ఊరి పండుగను ఉన్నదున్నట్టు రాసింది. బతుకమ్మకు తంగేడు తేబోయి ముల్లు గుచ్చుకున్నది, సద్దులనాడు మలీద ముద్దలు పంచుకున్నది, జమ్మి పెట్టి పెద్దల కాళ్లు మొక్కి అలాయ్ బలాయ్ తీసుకున్నది, అన్నీ. నేను ఏం చేశాను? 'బతుకమ్మ' అన్న ప్రతిచోట ఎర్రసిరాతో బకారానికి రావత్తు తగిలించి 'బ్రతుకమ్మ' చేశాను. పదమూడు చోట్ల. అలాయ్ బలాయ్ కొట్టివేసి 'ఆలింగనము' అని రాశాను. పదికి నాలుగు వేశాను.

అంతకు ముందు ఉట్నూరు ప్రాంతంలో ఒక బడిలో పనిచేసినప్పుడు ఒక గోండు పిల్లవాడు అదే వ్యాసానికి దీపావళినాటి దండారి గురించి రాశాడు. నెమలి ఈకల కిరీటం, ఒంటికి బూడిద, చేతిలో కోల, ఊరూరూ తిరిగే గుస్సాడీలు, వారికి ఎదురేగి కాళ్లు కడిగే ఇల్లాండ్రు. ఆ తెలుగు వానికి రెండవభాష, తప్పులు ఉన్నాయి. కాని ఆ కిరీటం ఎంత బరువుంటుందో, పెట్టుకున్నవాడు దినమంతా ఏ నియమం పాటిస్తాడో, అంతా ఉన్నది. అడుగున 'విషయాంతరము' అని రాసి, అడ్డంగా గీత గీశాను.

తెలంగాణ మాట సినిమాలలో చాలాకాలం హాస్యగాని నోట, రౌడీ నోట తప్ప వినబడలేదని మనం అందరమూ కోపగించుకున్నాం. న్యాయమే. కాని ఆ సినిమాలు తీసినవారికంటె ముందు ఆ మాట మీద గీత గీసింది నావంటి పండితులే గదా. ఆ పిల్లలు పెద్దయి, కథ రాయాలన్నా సినిమా తీయాలన్నా ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక ఎన్నేండ్లు తడబడ్డారో.

2023 మార్చిలో 'బలగం' చూడడానికి మా ఇంటావిడతో కరీంనగరులో థియేటరుకు వెళ్లాను. చివరన బుడగజంగాల దంపతులు కొమురమ్మ, మొగిలయ్య శారద మీటుతూ పాడే ఘట్టం వచ్చేసరికి మా వరుసలో కళ్లు తుడుచుకోనివారు లేరు. బయటికి వస్తుంటే ఒక నడివయసు ఆమె ఎదురొచ్చి, "నమస్తే సారూ, గుర్తువట్టిన్రా?" అన్నది. నా దగ్గర పదో తరగతి చదివిన అమ్మాయే. (పైన చెప్పిన అమ్మాయి కాదు; ఆమె ఇప్పుడెక్కడున్నదో.) కుశలప్రశ్నలు అయినాక నవ్వుతూ, "గీ సిన్మను మీరు దిద్దితె ఎన్ని మార్కులేస్తరు సారూ?" అని అడిగింది. ఎగతాళికి అన్నది కాదు. నేను మాత్రం జవాబు చెప్పలేకపోయాను. 'బలగం'లోని పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్‌కు 2025లో జాతీయ పురస్కారం ప్రకటించిననాడు మళ్లీ ఆమె ప్రశ్నే గుర్తుకు వచ్చింది.

శరత్తులో మన మాట అసలే వినబడలేదని అంటే అసత్యం అవుతుంది. 2015 అక్టోబరు 9న గుణశేఖర్ 'రుద్రమదేవి' వచ్చింది; అందులో గోన గన్నారెడ్డి తెలంగాణ మాట మాట్లాడితే థియేటరులో ఈలలు నేనూ విన్నాను. 2021 సెప్టెంబరులో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ' వచ్చింది. 2023 దసరాకు 'భగవంత్ కేసరి'లో బాలకృష్ణగారు మన యాసలో సంభాషణలు పలికారు, ఆ చిత్రానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. సంతోషమే. అయితే అక్కడ ఆ భాష కథలోంచి పుట్టినది కాదు, కథానాయకునికి తొడిగినది. పండుగకు కొత్త అంగీ తొడిగినట్టు. బతుకమ్మ పేరుతో పాట ఒకటి ఏకంగా సల్మాన్ ఖాన్ హిందీ సినిమాలోనే వచ్చింది. అది వచ్చింది 2023 రంజానుకు! మన పూలకు కాలం తప్ప అన్నీ దొరుకుతున్నాయి.

బుల్లితెర ఈ విషయంలో పెద్దతెర కంటె ముందున్నదని చెప్పక తప్పదు. వీ6 చానలు తీన్మార్ వార్తలు మన యాసలో చదివినప్పుడు పండితులం ముక్కు చిట్లించాం. ఊళ్లు మాత్రం కూర్చొని విన్నాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుండి గంగవ్వ 2020 సెప్టెంబరులో 'బిగ్ బాస్' ఇంట్లోకి పోయింది. ఆ ఆట నాకు రుచించదు. కాని ఆమె అక్కడ ఒక్క మాటను కూడా మార్చుకోలేదు, అదొక్కటే చూశాను. ఆమె ఉన్న 'మై విలేజ్ షో' కుర్రవాళ్లే 2025 ఆగస్టులో జీ5లో 'మోతెవరి లవ్ స్టోరీ' అనే ధారావాహిక తెచ్చారు. అదీ శ్రావణంలో. నెలన్నర ఓపిక పట్టి ఉంటే బతుకమ్మకు వచ్చి ఉండేది.

మనవాళ్లకు కళ లేక కాదు సుమా. 1909 సెప్టెంబరు 28న, అంటే ఇటువంటి శరత్తులోనే, కరీంనగరులో పుట్టిన పైడి జైరాజ్ మూకీల నాడే బొంబాయి చేరి హిందీ తెర కథానాయకుడై, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నాడు. తెలుగు తెరకు దక్కలేదు. మన హనుమాజీపేట సి. నారాయణరెడ్డిగారు 1962లో 'గులేబకావళి కథ'తో మొదలుపెట్టి వేల పాటలు రాశారు, ఎక్కువభాగం ఇతరుల కథలకు. బి. నర్సింగరావుగారి 'దాసి'కి వచ్చిన జాతీయ పురస్కారాలలో కళాదర్శకత్వానిది మన వేములవాడ దిక్కు బూరుగుపల్లి చిత్రకారుడు తోట వైకుంఠంగారిది. ఆయన బొమ్మల్లో నిండుబొట్టు పెట్టుకున్న మన ఆడవాళ్లను ప్రపంచం గోడలకు తగిలించుకున్నది. 'దాసి'ని మాత్రం మా మనుమని తరంలో చూసినవారు నాకు ఒక్కరూ తగలలేదు.

అందుకని, దసరాకు నేను ఎదురుచూసేది ఏమిటని మా మనుమడు అడిగినదానికి నా జవాబు జాబితాలో లేదు. కన్నడంవారిని చూసి అసూయపడుతున్నాను, దాచుకోను. తుళునాడు భూతకోలం మీద, కుందాపుర ప్రాంతపు మాటతో రిషబ్ శెట్టి తన ఊరి దైవం కథ తీశాడు. 'కాంతార' 2022 సెప్టెంబరు చివర కన్నడంలో, అక్టోబరు 15న తెలుగులో వచ్చింది. దాని పూర్వకథ 2025 అక్టోబరు 2న, విజయదశమినాడే. జమ్మిచెట్టు దగ్గరనుండి వచ్చి, జేబులో జమ్మి ఆకుతోనే మనవాళ్లు కరావళి దైవాన్ని చూసి వచ్చారు. బాగున్నది, నేనూ చూశాను. చూస్తున్నంతసేపూ నా కంటిముందర నేను అడ్డంగా గీత గీసిన ఆ కాగితం మెదిలింది. అదే కాలంలో మన గూడేలలో దండారి సిద్ధమవుతుంటుంది. గుస్సాడి నృత్యాన్ని నలుగురికీ నేర్పి 2021లో పద్మశ్రీ అందుకున్న మర్లవాయి కనకరాజు 2024 అక్టోబరు 25న, దీపావళికి వారం ముందు కన్నుమూశారు. ఆయన జీవించి ఉండగా ఒక కెమెరా ఆ కిరీటం బరువును పెద్దతెరమీద చూపి ఉంటే ఎంత బాగుండేది.

వేణు 'బలగం' తరువాత ప్రకటించిన చిత్రం పేరు 'ఎల్లమ్మ'. ఆ పేరు విన్నప్పుడే, ఇది మార్చికి కాక పండుగకు రావలసిన పేరని అనుకున్నాను. సద్దులనాడు వద్దు, ఆ దినం ఆడవాళ్లకు ఊపిరి సలపదు. దసరా మరునాడు, మిగిలిన మాంసం కూర తిని, ఆడబిడ్డలు తిరుగుప్రయాణం కట్టకముందు, ఇంటిల్లిపాదీ కలిసిపోయే ఆట ఒకటుంటుంది చూడండి, ఆ ఆటకు.

కొత్తవాటికి థియేటర్లు దొరకవంటారా, పాతవి వేయండి. ఇప్పుడు కథానాయకుల పుట్టినరోజులకు పాత సినిమాలు మెరుగులు దిద్ది మళ్లీ వేస్తున్నారు. 2025 అక్టోబరు 31న 'బాహుబలి' రెండు భాగాలను ఒకటిగా కుట్టి విడుదల చేస్తే జనం మళ్లీ వెళ్లారు. కరీంనగరులో ఒకటి, మంచిర్యాలలో ఒకటి, ఆదిలాబాదులో ఒకటి, మూడే తెరలు, దసరా సెలవులలో ఉదయం ఆట ఒక్కటి. 'మాభూమి', 'దాసి', అల్లాణివారి 'కొమరం భీమ్', పెత్రమాసనాడు 'బలగం'. ఉదయం ఆటకు పెద్ద సినిమాలవారికి కలిగే నష్టం ఏపాటిది? 'మాభూమి'ని నేను పద్దెనిమిది పంతొమ్మిదేండ్ల వయసులో కరీంనగరులో ఉదయం ఆటకే చూశాను. తెరమీద మా తాత మాట్లాడినట్టే ఒకడు మాట్లాడితే, పక్కనున్న మిత్రుడు నా మోచేయి పట్టుకొని, "అరే, గిట్ల గూడ సిన్మల మాట్లాడొచ్చునా?" అన్నాడు. ఆ తరువాత రెండుమూడేండ్లకే నేను పండితుణ్ణయి ఎర్రసిరా కొన్నాను.

మనుమనికి ఇంకా ఏమీ చెప్పలేదు. సెలవులకు వాడు వచ్చినాక, నా దగ్గరున్న 'మాభూమి' ప్రతిని మా ఇంటి వరండాలో తెల్లదుప్పటి కట్టి చూపుదామని ఉన్నది. వానికి జాబితాలోని సినిమా కూడా ఒకటి చూపక తప్పదు, టిక్కెట్లు వాడే ఫోనులో తీస్తాడట.

నా పట్టికలో ఆశ్వయుజ కార్తికాలలో వచ్చిన మనవైపు చిత్రాలు మూడో నాలుగో తేలాయి. నా జ్ఞాపకానికి అందనివి ఇంకా ఉండవచ్చు. మీలో ఎవరికైనా తెలిస్తే పేరు, సంవత్సరం వ్యాఖ్యలో రాయండి, సరిచేసుకుంటాను. బతుకమ్మను నేను మళ్లీ ఎక్కడైనా రావత్తుతో రాసినట్టు కనబడితే అది కూడా చెప్పండి.